వాన లెక్కల బీరువాలు

నా నోరు మంచిది కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది నా నోటి వల్ల జరిగిన సంగతి. చెయ్యి చేసిన తప్పును నోరు తీసుకెళ్ళి ఇంకొకరి మీద పెట్టింది. ఆ ఇంకొకరు పదకొండేళ్ళు నాకు ఎదురుగా కూర్చున్న మనిషి.

మాది నిడమనూరు. ఇంటర్ రెండో సంవత్సరంలో లెక్చరర్‌కు ఎదురు మాట్లాడి చదువు పోగొట్టుకున్నాను. పెళ్ళయ్యాక కాపురం మిర్యాలగూడలో. మా ఆయన రైస్ మిల్లులో హమాలీ. ఒక వానాకాలం జ్వరం వచ్చింది, తగ్గలేదు, పోయాడు. పిల్లలు లేరు. అత్తగారూ నేనూ నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉప్పూ నిప్పూలాగా ఉన్నాం. ఒకరోజు బట్టల సంచీ పట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. హైవే పక్కన ఒక గోదాం ఉండేది. పనికిరాని కంప్యూటర్లను కొనుక్కొచ్చి, విప్పి, ఇనుము ఒక దిక్కు, రాగి ఒక దిక్కు, బోర్డులు ఒక దిక్కు వేరు చేసి అమ్ముతారు. అందులో పనికి కుదిరాను. దగ్గర్లోనే ఒక గది కిరాయికి దొరికింది. ఆ గదిలో నాకంటే ముందున్నవాళ్ళు గోడకు ఒక అద్దం వదిలిపోయారు. చాలా రోజులు ఇంట్లో నాకు ఎదురుపడ్డ ముఖం అదొక్కటే.

గోదాంలో పని జోడీగా చేస్తారు. ఇద్దరికి ఒక ఇనుప బల్ల. ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు విప్పాలి. నాకు జోడీగా వచ్చినామె పాలకీడు దగ్గర ఒక తండా నుంచి వచ్చిన లంబాడీ మనిషి. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. వారమంతా గోదాం వెనక రేకుల గదిలో ఉండేది, శనివారం సాయంత్రం బస్సెక్కి తండాకు పోయేది. అక్కడ కొడుకు, కోడలు, కాస్త పొలం. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చేది. నేను అన్నం, పచ్చిపులుసు తెచ్చేదాన్ని. మధ్యాహ్నం గిన్నెలు మార్చుకునేవాళ్ళం. ఎవరి గిన్నె వాళ్ళం తిన్న రోజు ఉంటే అది మేం కొట్లాడుకున్న రోజు.

ఆమె గోదాంకు రాకముందు మిర్యాలగూడ మిల్లుల్లో పదిహేనేళ్ళు పనిచేసింది. మిల్లులో మిషన్లు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడి కూలీలకు ఒక అలవాటు ఉండేదట. బరువు ఎత్తేముందు ఒకరు ఇనుము మీద ఒక దెబ్బ కొట్టాలి. అంటే ఎత్తుదామా అని. అవతలి మనిషి చెయ్యి సర్దుకుని, సరే అనుకున్నాక తిరిగి ఒక దెబ్బ కొట్టాలి. అప్పుడే ఎత్తాలి. రెండు దెబ్బలైతే ఆగు. ఆ పద్ధతిని ఆమె మా బల్ల మీదికి తెచ్చింది. స్క్రూడ్రైవర్ పిడితో టక్ అని నేను కొడితే, టక్ అని ఆమె కొట్టేది. మొదట్లో నవ్వొచ్చేది. మిల్లు కాదు కదక్కా, నోటితో చెప్పుకోవచ్చు కదా అన్నాను.

"నోటి మాట ఎటన్న పోతది. దెబ్బ చేతికి వస్తది," అంది. "జవాబు రాకుంట బరువు ఎత్తొద్దు చెల్లె. గదొక్కటి యాదికుంచుకో."

ఏడేళ్ళు గడిచాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ఒకరోజు నేను ఆమె వెనకనుంచి వచ్చి చాయ్ తాగుతవా అని మూడుసార్లు అడిగాను. తిరగలేదు. కోపమొచ్చి చేతిలో ఉన్న ఇనుప రేకును నేల మీద పడేశాను. గోదాం అంతా ఉలిక్కిపడింది, ఆమె ఒక్కతే ఉలిక్కిపడలేదు. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసింది, నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె నా పెదవులు చూసి మాటలు పట్టుకుంది, బల్ల మీద అరచెయ్యి పెట్టి దెబ్బలు పట్టుకుంది. మిల్లు ఆమె చెవులను తినేసింది.

"ఎవ్వలకు చెప్పకు," అంది. "మిల్లుల గిట్లనే తీసేసిండ్రు. ఇనపడదని తెలిస్తే మనిషిని మనిషి లెక్క సూడరు. ఇంట్ల కూడ తెల్వదు. కొంచెం తక్కువ ఇనపడ్తదనే అనుకుంటరు."

"నేనెందుకు చెప్తనక్కా."

"నీ నోట్ల నువ్వుగింజ నానదు. నాకు తెల్వదా. అయినా చెప్తున్న."

ఆ నువ్వుగింజను నాలుగేళ్ళు నానబెట్టాను. ఎవరైనా వెనకనుంచి ఆమెను పిలిస్తే బల్లను మోకాలితో తట్టేదాన్ని, ఆమె తిరిగి చూసేది. ఆ నాలుగేళ్ళు నా జీవితంలో నేను ఒకరికి పనికొచ్చిన రోజులు. మా ఆయన ఉన్నప్పుడు కూడా అంతగా అనిపించలేదు, ఉన్నమాట చెప్తున్నాను.

మృగశిర కార్తె వచ్చి వారమైనా వాన జాడ లేని రోజుల్లో రెండు లారీలు వచ్చాయి. పద్నాలుగు నల్లటి బీరువాలు. మనిషి కంటే ఎత్తు, కొత్త పెళ్ళికూతురి బీరువా కన్నా మూడింతల బరువు. క్రేన్‌తో దించారు. ఏ ఆఫీసు నుంచి వచ్చాయో మాకు చెప్పలేదు, పేర్లున్న స్టిక్కర్లన్నీ ముందే గీకేసి పంపారు. మా సేటుది కోదాడ. అందరినీ పిలిచి చెప్పాడు.

"దీన్ని సూపర్ కంప్యూటర్ అంటారమ్మా. ఈ పద్నాలుగూ కలిసి ఒకటే. వాన ఎప్పుడు పడుద్దో, గాలి ఎటు తిరుగుద్దో లెక్కగట్టేది. పాతదైపోయిందని తీసేశారు. జాగ్రత్తగా విప్పండి."

అక్క నా పెదవులు చూసింది. నేను మళ్ళీ చెప్పాను. ఆమె లేచి పోయి ఒక బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"నాలుగేండ్ల కింద పత్తి పెట్టినం. వాన లేక మొత్తం ఎండిపాయె. గప్పుడు యాడున్నవ్ నువ్వు?" అని బీరువానే అడిగింది. తర్వాత నావైపు తిరిగి, "దీని వయసెంతనట?" అంది.

నేను సేటును అడిగి, ఎనిమిదేళ్ళట అన్నాను.

"ఎనిమిదేండ్లకే ముసలిదాయెనా. నయం, మనల్ని గిట్ల తీసెయ్యలే," అని నవ్వింది.

మేం అప్పటిదాకా విప్పినవన్నీ ఆఫీసు కంప్యూటర్లు, బ్యాంకుల్లో వాడి పడేసినవి. ఇది వేరే. ముందు తలుపంతా జల్లెడ. వెనక తలుపులో కారు రేడియేటర్ లాంటిది, దానికి నీళ్ళ పైపులు. ఎండాకాలం మనం ఉడికిపోతుంటే వీటికి చల్లనీళ్ళు తిప్పారన్న మాట అని నేను తిట్టుకున్నాను. లోపల పైనుంచి కిందిదాకా సొరుగులు, ఒక్కో సొరుగులో బోర్డు, బోర్డు మీద అరచెయ్యంత రాగి పలక. సమాచారం దాచిన డిస్కులను ముందే తీసేసి పంపారు. ఆ ఖాళీలు పళ్ళూడిన చిగుళ్ళలాగా ఉన్నాయి.

నీలం రంగు తీగలు కట్టలు కట్టలుగా ఉంటే రాగి అని సంబరపడ్డాం. గీకి చూస్తే రాగి లేదు. వెంట్రుకంత సన్నటి గాజు. అక్క వేలికి గుచ్చుకుంటే పిన్నీసుతో తీశాను. గాజు తీగలో వెలుగు పోతుందట, ఆ వెలుగులోనే మాట పోతుందట అని సేటు చెప్పిన మాట ఆమెకు చెప్పాను.

"గాజుల నుంచి మాట పోతున్నది, నా చెవుల నుంచి పోతలేదు సూడు," అంది. ఈ రకం ఎగతాళి ఆమె నా దగ్గరొక్కదాని దగ్గరే చేసేది.

బీరువాలు బల్ల మీద పట్టవు. కాబట్టి మొదటిసారి మేం ఎదురెదురుగా కూర్చోకుండా పనిచేశాం. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో బీరువా. సొరుగును వెనకనుంచి నెట్టాలి, ముందున్న మనిషి కింద చేతులు పెట్టి అందుకోవాలి. ముఖం కనపడదు, మాట వినపడదు. దెబ్బ ఒక్కటే దారి. మొదటిరోజు నేను వెనకనుంచి పక్క రేకు మీద టక్ అని కొట్టాను. జవాబు లేదు. గట్టిగా కొట్టాను. లేదు. చుట్టూ తిరిగిపోయి చూస్తే ఆమె చెయ్యి ఆనించుకునే ఉంది, ఏం రాలేదు అంది. పక్క రేకు విప్పి చూశాం. లోపలంతా నాలుగు వేళ్ళ మందం నల్లటి స్పాంజి. ఈ యంత్రం చప్పుడు బయటికి రాకుండా అంటించిందట. దెబ్బను కూడా అదే మింగేసింది.

అప్పటినుంచి అక్క ఒక పద్ధతి పెట్టింది. ముందు రెండు పక్కల రేకులూ విప్పెయ్యాలి. ఉత్త ఇనుప చట్రం మిగులుతుంది. చట్రం మీద కొడితే దెబ్బ చక్కగా పోతుంది. రేకుకు ఇరవై స్క్రూలు, నక్షత్రం ఆకారంలో, మామూలు స్క్రూడ్రైవర్‌తో రావు. గంట పట్టేది. అట్లా ఎనిమిది బీరువాలు విప్పాం. ఒక్క సొరుగు కింద పడలేదు, ఒక్క వేలు నలగలేదు.

తొమ్మిదో బీరువా రోజు నాకు పొద్దున్నుంచే కోపం. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముందురోజు శనివారం కాకపోయినా ఆమె తండాకు పోయింది, మనుమడికి అన్నప్రాసన. నన్ను పిలవలేదు. పిలిచినా పోయేదాన్ని కాదేమో. కానీ పిలవలేదు. ఆ పూట ఎవరి గిన్నె వాళ్ళం తిన్నాం. నాలుగింటికి ఇనుము కోసం లారీ వస్తుంది, తొందరగా కానివ్వండి అని సేటు అరుస్తున్నాడు. ఆమె నెమ్మదిగా నక్షత్రం పానా తీసుకుని పక్క రేకు దగ్గర కూర్చుంది.

"రేకులొద్దు. సొరుగులు తీద్దాం," అన్నాను.

"రేకులు తీసినంకనే."

"నీతోని పెట్టుకుంటే తెల్లారుతది. లారీ వస్తున్నది."

ఆమె నా మూతి చూసింది. నా మాటే కాదు, నా కోపం కూడా మూతి మీద రాసి ఉంటుంది కదా, రెండూ చదువుకుంది. పానా పక్కన పెట్టింది. "నీ ఇష్టం. అయితే నువ్వే తిరిగొచ్చి సూసి పో. నేను సరే అన్నంకనే నెట్టు," అంది.

మూడు సొరుగులకు అట్లాగే చేశాను. వెనకనుంచి ముందుకు వచ్చి, ఆమె తల ఊపాక, మళ్ళీ వెనక్కి పోయి నెట్టాను. నాలుగోదానికి విసుగొచ్చింది. వెనకనే నిలబడి రేకు మీద ఒక దెబ్బ కొట్టాను. స్పాంజి మింగుతుందని నాకు తెలుసు. ఎనిమిది బీరువాల నుంచి తెలుసు. ఒక ఊపిరి ఆగాను. జవాబు రాలేదు. రాదని కూడా తెలుసు. నెట్టాను.

ఆ సొరుగులు ఎంత బరువున్నా పట్టాల మీద మెత్తగా జారతాయి. చేతికి కష్టమే తెలియలేదు. ముందు ఇనుము సిమెంటు మీద పడిన చప్పుడు వినపడింది. తర్వాత యాడీ అని ఆమె భాషలో అమ్మను పిలిచింది. నేను ముందుకు పరుగెత్తాను. కింది సొరుగు తీగ ఒకటి విడదీస్తూ ఆమె కుడిచెయ్యి లోపల పెట్టి ఉంది. నేను నెట్టిన పై సొరుగు ఆ చేతిని కింది చట్రానికి నొక్కి, తర్వాత జారి పడింది. రెండు వేళ్ళు వేళ్ళలాగా లేవు.

సేటు, మిగతా పనివాళ్ళు అందరూ వచ్చారు. నేను నా కొంగు చింపి ఆమె చెయ్యి కడుతున్నాను. సేటు నా మీదనే అరిచాడు.

"అదేంటమ్మా, చెప్పకుండా నెట్టేశావా? మనిషి ముందుందని తెలీదా?"

ఆ ఒక్క నిమిషంలో నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. పని పోతుందన్న భయం ఉంది, రక్తం చూసిన భయం ఉంది, పొద్దుటి కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. మూడూ కలిసి నోరు తెరిచాయి.

"కొట్టిన సేటూ. చెప్పిన. ఆమెకు ఇనపడదు. నాలుగేండ్ల సంది ఇనపడదు. సెవిటోని ముందు సంకు ఊదినట్టే, ఎంత చెప్పినా."

అన్నాక చూశాను. ఆమె నొప్పితో కళ్ళు మూసుకుని ఉంటుందనుకున్నాను. మూసుకోలేదు. నా మూతినే చూస్తోంది. పదకొండేళ్ళు నా మూతి చదివిన మనిషి ఆమె. ఒక్క అక్షరం తప్పిపోయి ఉండదు. నేను కడుతున్న గుడ్డను నా చేతిలోనుంచి లాక్కుని, ఎడమచేత్తో, పళ్ళతో తనే ముడేసుకుంది.

సూర్యాపేట దవాఖానకు సేటే తీసుకెళ్ళాడు. వైద్యం దగ్గర లోటు చెయ్యలేదు, ఆ మాట చెప్పాలి. నేను సాయంత్రం పోయేసరికి ఆమె కొడుకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. పిలిస్తే వినపడదు. ముందుకు పోయి నిలబడ్డానికి నాకు ముఖం చెల్లలేదు. మంచం ఇనుపదే. ఒక్క దెబ్బ కొడితే తిరిగి చూసేదేమో. చెయ్యి ఎత్తి, దించేసి, వచ్చేశాను.

తర్వాత ఆమెను పనిలోకి రావద్దన్నారు. "చెవులు వినపడని మనిషిని ఈ ఇనుము మధ్య ఎట్టా పెట్టుకుంటానమ్మా? రేపు ఇంకేదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు సేటు. రేకుల గదిలోని ఆమె దుప్పటి, స్టీలు గిన్నె కొడుకు వచ్చి తీసుకుపోయాడు. బల్ల మీద ఆమె స్క్రూడ్రైవర్ మాత్రం మర్చిపోయాడు. దాని పిడి కొస కొట్టీ కొట్టీ నున్నగా అయింది.

మిగిలిన ఐదు బీరువాలనూ ఇద్దరు మగవాళ్ళు గ్యాస్ కట్టర్‌తో కోశారు. పద్ధతీ లేదు, దెబ్బా లేదు. స్పాంజి కాలిన వాసన మూడు రోజులు వదల్లేదు. ఆ ఏడు వాన ఆలస్యంగానైనా బాగానే పడింది. దాని లెక్క ఎవరు కట్టారో, ఏ కొత్త బీరువాలు కట్టాయో తెలియదు. చట్రాలు కరిగించడానికి పోయాయి, బోర్డులు ఇంకెక్కడికో పోయాయి. పద్నాలుగు బీరువాలున్న చోట సిమెంటు మీద నలుచదరపు మరకలు మిగిలాయి. నేను రోజూ వాటిని దాటుకుంటూ బల్ల దగ్గరికి పోయేదాన్ని.

దసరా అయ్యాక గోదాంను కోదాడకు మార్చారు. పెద్ద షెడ్డు, తునకలు చేసే మిషను. నేనూ కోదాడలో గది తీసుకున్నాను. ఇక్కడ మాట తీరు వేరు. ఏవండీ అంటారు, వస్తారా అంటారు, మర్యాదకు లోటు లేదు. మాట్లాడేవాళ్ళే లేరు. మిషను నడిచినంతసేపూ ఎవరి చెవుల్లో వాళ్ళు దూది పెట్టుకుంటారు. నాకు ఒక బల్ల ఇచ్చారు, చిన్న వస్తువులు విప్పడానికి. ఎదురుగా స్టూలు ఉంది, మనిషి లేదు. బరువున్నదేదైనా ఎత్తేముందు నా చెయ్యి దానంతటదే ఒక దెబ్బ కొడుతుంది. కొట్టాక గుర్తొస్తుంది. మధ్యాహ్నం నా పచ్చిపులుసు నేనే తింటాను. ఇంత చెడ్డగా వండుతానని ఇన్నాళ్ళూ తెలియలేదు, ఆమె ఏనాడూ చెప్పలేదు.

ఒకరోజు ఆగలేక సేటు దగ్గరికి పోయాను. తప్పు నాది, రేకులు తియ్యాలని ఆమె చెప్పింది, నేను వద్దన్నాను, జవాబు రాకుండానే నెట్టాను అని చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ విన్నాడు.

"సరేనమ్మా. కానీ ఆవిడకి వినపడదన్న మాట నిజమే కదా?"

నిజమే. అదే కదా నా పాపం. అబద్ధం చెప్పి ఉంటే వెనక్కి తీసుకునేదాన్ని. నిజాన్ని ఎట్లా వెనక్కి తీసుకోను?

ఆ ఆదివారమే తండాకు పోయాను. హుజూర్‌నగర్‌లో బస్సు మారి, ఆటో ఎక్కి, అడుగుతూ అడుగుతూ చేరాను. కాలువ నీళ్ళ వరి కోసి, తండా బయట రోడ్డంతా వడ్లు ఎండబోశారు. ముందు ఆమె కోడలు కనపడింది, చంకలో పిల్లాడు. నేనెవరో చెప్పాను. ఆమెకు నేను తెలుసు, కానీ నేను చేసింది తెలియదు. అత్త సంగతి తనే చెప్పడం మొదలుపెట్టింది.

"చెవులు పూరాగ పోయినయంట గద. ఇనపడక తనే చెయ్యి పెట్టుకున్నదంట. మాకు ఇన్నొద్దులు తెల్వదు. ఇగ పిల్లగాన్ని ఇస్తలేము అక్కా, ఏడ్సినా ఇనపడదు గద. పొయ్యికాడికి రానిస్తలేము. రోడ్డు దాటాలన్నా ఎవలో ఒగలు తోడుపోతున్నరు."

మంచి మనసుతోనే చెప్పింది. నాకు మాత్రం అక్కడే కూలబడాలనిపించింది. నేను అనుకున్నది ఆమె పని ఒక్కటే పోయిందని. ఇంట్లో పెత్తనం పోయింది, పొయ్యి పోయింది, అన్నప్రాసన చేసిన మనుమడు పోయాడు. నా ఒక్క మాట పాలకీడు దాకా బస్సెక్కి వచ్చి ఆమె చంక ఖాళీ చేసింది.

ఆమె వడ్లలో ఉంది. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. అందుకని పార పట్టకుండా, కాళ్ళతో వడ్లు తిరగేస్తూ ఇటునుంచి అటు నడుస్తోంది. నేను చుట్టూ తిరిగి పోయి, ఆమె ముందు నిలబడ్డాను. ఆగింది. నా ముఖం చూసింది. నేను మామూలు గొంతుతోనే చెప్పాను.

"అక్కా, తప్పు నాది. జవాబు రాకముందే నేను నెట్టిన."

"ఏందీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

కొంచెం గట్టిగా చెప్పాను.

"ఇనపడ్తలేదు. సెవిటిదాన్ని గద. జర గట్టిగ చెప్పు."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ నోరు ఉన్నది ఎందుకు? ఊపిరి పీల్చుకుని, కడుపులోనుంచి అరిచాను. రేకులు తియ్యాలన్నది ఆమె అని, వద్దన్నది నేనని అరిచాను. జవాబు కొట్టకముందే నెట్టింది నేను, ఆమె చెవులది తప్పు కాదు, ఆమె చేతులది తప్పు కాదు, పని పోతుందని భయపడి సేటుకు ఆమె మీద చెప్పాను అని అరిచాను. నల్లా దగ్గర బిందె నింపుతున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చూశారు. ట్రాక్టర్ మీద ఉన్నతను ఇంజను ఆపాడు. కోడలు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడింది. ఎవరో వాళ్ళ భాషలో ఏదో అడిగారు, ఇంకెవరో జవాబు చెప్పారు. నేను మొత్తం చెప్పేదాకా ఆపలేదు.

అక్క వడ్లు తిరగేసుకుంటూ ఆ కొసదాకా పోయి, తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"మొదటిసారే తెలిసింది నాకు," అంది. "నీ మూతి నాకు తెల్వదా."

"మరి మూడుసార్లు ఎందుకు చెప్పిచ్చినవక్కా?"

"నాకు చెప్తే ఏం ఫాయిదా? నాకు తెలిసిందే గద," అని ఇళ్ళ వైపు తల తిప్పింది. "ఆల్లకు ఇనపడాలె."

కోడలు పిల్లాడిని ఈ చంకలోనుంచి ఆ చంకలోకి మార్చుకుని అట్లాగే నిలబడింది. అక్కకు ఇచ్చిందని రాయాలని ఉంది, కానీ నేను ఉన్నంతసేపూ ఇవ్వలేదు. తర్వాత ఇచ్చిందేమో తెలియదు.

అక్క నన్ను చెట్టు నీడన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. నేను సంచీలోనుంచి ఆమె స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకుని చూసింది, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. కుడిచేతి పిడికిలి బిగించబోయి, బిగియకపోతే నాకు చూపించింది. మళ్ళీ వస్తవా అని నేను అడగలేదు, ఆ చేతిని చూశాక అడగడానికి ఏం మిగల్లేదు. నన్ను క్షమించావా అని కూడా అడగలేదు. అడిగితే చెప్పేదేమో, చెప్తే వినే ధైర్యం నాకు లేదు.

ఆటో వచ్చింది. నేను ఎక్కాక ఆమె నా ముందుకు వచ్చి నిలబడి, నా ముఖం చూస్తూ అడిగింది.

"నా జాగల ఎవలు కూసుంటున్రు?"

"ఎవ్వలు లేరక్కా."

"ఎవలనన్న కూసోబెట్టుకో. ఒక్కదానివే ఎత్తకు," అంది.

సరేనన్నాను. ఇది రాస్తున్న రోజుకు ఆ స్టూలు మీద ఎవరూ లేరు. పొద్దున ఒక బరువైన పెట్టె ఎత్తేముందు బల్ల మీద ఒక దెబ్బ కొట్టాను, కొట్టాక పద్ధతి ప్రకారం ఆగాను. మిషను తిరుగుతూనే ఉంది. తర్వాత ఒక్కదాన్నే ఎత్తాను.